నలభై ఒకటో బొమ్మలో పొగ

హంగరీ ఎక్కడుందో నాకు ఉద్యోగం కోసం వెతుక్కుంటున్నప్పుడే తెలిసింది. ఇంటర్వ్యూకు ముందు రోజు క్లెమెంటి అనే పేటలోని నా అద్దె గదిలో కూర్చుని ఫోన్‌లో మ్యాపు తెరిచి చూస్తే, ఏ వైపునా సముద్రం లేకుండా నడి యూరప్‌లో ఇరుక్కుని కనిపించింది. రాయలసీమవాడు సింగపూర్‌లో కూర్చుని హంగరీ చేతిపనివాళ్ల బొమ్మలకు ఇంగ్లీషులో వివరాలు రాయడమేమిటని మీరు అడగవచ్చు. మా ఇంటి ఓనరు ఆంటీ అడిగింది. మా అమ్మ అయితే నాలుగుసార్లు అడిగింది. నేను మాత్రం ఎవరినీ అడగలేదు. నెలనెలా జీతం వచ్చేచోట అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉంటాయి.

సంగతేమిటంటే, ఎవరో పెద్దాయన పోతూ పోతూ తన పుస్తకాల పెట్టెలన్నీ నాకు ఉద్యోగమిచ్చిన యూనివర్సిటీకి రాసిచ్చాడు. వాటిలో రెండు పెట్టెల నిండా పాత బొమ్మలున్నాయి. వందేళ్ల కిందట, ఇంకా ముందు కూడా, హంగరీలో కొందరు పండితులు పల్లెల మీద పడి, కనుమరుగైపోతున్న చేతిపనుల్ని వెంట తెచ్చుకున్న చిత్రకారుల చేత గీయించారట. కొమ్మును వేడిచేసి సాపు చేసి దువ్వెనలు కోసేవాడు, నీలిమందు అద్దకంవాళ్ల చెక్క అచ్చులు, తేనె రొట్టెలు అచ్చొత్తే కొయ్య మూసలు, గొర్రెల కాపరులు భుజాన వేసుకునే మందపాటి ఉన్ని కోటు, ఇలా దొంతరలు దొంతరలుగా ఉన్నాయి. ఆ కోటుకు చేతులుంటాయి గానీ వాటిలో చేతులు దూర్చరట. కొసలు కుట్టేసి సంచుల్లా వాడుకునేవారట. అంత కుట్టుపనీ చేసి, చివరికి చేతుల్లో రొట్టెముక్కలూ పొగాకూ పెట్టుకుని తిరిగినవాళ్లంటే నాకు మొదటి రోజే అభిమానం కలిగింది.

ఆ పండితుల మీద మాత్రం కలగలేదు. పనిముట్టును గీయించడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ప్రతి మేకూ, ప్రతి పగులూ, చేతి రాపిడికి అరిగిన చోటు కూడా వదల్లేదు. ఆ పనిముట్టు పట్టుకున్న మనిషికి మాత్రం ముఖం ఉండదు. ఉన్నా కోడిగుడ్డులా నున్నగా ఉంటుంది. కొన్ని బొమ్మల్లో మనిషి కూడా లేడు, మణికట్టు దాకా రెండు చేతులు గాల్లో తేలుతుంటాయి. కత్తి పొడవెంతో రాస్తారు, పిడి ఏ చెట్టు కొయ్యో రాస్తారు, ఎవరి దగ్గర చూశారంటే "ఒక ముసలివాడు" అని తేల్చేస్తారు. పెళ్లి భోజనం తిని పెళ్లికొడుకు పేరు అడగకుండా వచ్చేసే రకం.

నా పని ప్రతి బొమ్మకూ కంప్యూటర్‌లో ఒక ఫారం నింపడం. వస్తువేమిటి, దేనితో చేశారు, దేనికి వాడతారు, దాన్ని గుర్తుపట్టిందెవరు, వాళ్ల వృత్తి ఏమిటి. చివరి రెండు గళ్లలో ఎప్పుడూ మా ప్రొఫెసరమ్మ పేరూ ఆవిడ ఉద్యోగమే ఉండేవి. ఆవిడ యూరప్ మనిషి, పొడగరి. కొప్పులో పెన్సిలు గుచ్చుకుని దానికోసమే గదంతా వెతికేది. విషయం తెలిసిన మనిషి, పని విషయంలో కఠినం. ఒక్క గడి తప్పు నింపితే చాలు, దూదేకినట్టు ఏకిపారేసేది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు లోపల కలుక్కుమనేది. ఎందుకంటే మా నాయన నిజంగానే దూది ఏకేవాడు.

ఆ పని చూడని తరం వచ్చింది కాబట్టి చెబుతాను. మా నాయన మనిషి పొడవున్న విల్లును సైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. పిలిచినవాళ్ల ఇంటి వసారాలో పాత పరుపు విప్పి, ఏళ్ల తరబడి మనుషుల బరువుకు ముద్దకట్టిన దూదిని కుప్ప పోసేవాడు. దాని మీద విల్లును తాడుతో వేలాడదీసి, తంతి దూదికి ఆనేలా పట్టుకుని, కొయ్యతో కొట్టేవాడు. టంయ్, టంయ్ మని తంతి అదురుతుంటే ముద్దలు విడిపోయి, దూది పాలపొంగులా పైకి లేచేది. సాయంత్రానికి మా నాయన మీసాలూ కనుబొమ్మలూ తెల్లబడి ఇంటికొచ్చేవాడు. స్నానం చేస్తే మళ్లీ కుర్రవాడయ్యేవాడు. చాలా ఏళ్ల వరకు అందరి నాయనలూ రోజూ అలాగే ముసలివాళ్లయి వస్తారనుకున్నాను.

బడిలో నన్ను చూస్తే పిల్లలు "టంయ్ టంయ్" అనేవారు. నేను వాళ్లను కొట్టేవాణ్ని, వాళ్లు నన్ను కొట్టేవారు, లెక్క సరిపోయేది. హాస్టల్లో చేరినప్పుడు తండ్రి వృత్తి అన్నచోట "వస్త్ర వ్యాపారం" అని రాశాను. పూర్తి అబద్ధమేం కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. దూది లేనిదే దారం లేదు, దారం లేనిదే వస్త్రం లేదు, పరుపు కుట్టి డబ్బు తీసుకుంటే వ్యాపారమే కదా. యూనివర్సిటీకి వచ్చేసరికి అది ఇంగ్లీషులోకి మారి "టెక్స్‌టైల్ బిజినెస్" అయింది. సింగపూర్‌లో ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు అందరూ తమ గురించి చెప్పుకుంటుంటే, ఒకడి తండ్రి బ్యాంకు మేనేజరు, ఇంకొకడి తండ్రి ఏదో కంపెనీలో పెద్ద తల. నా వంతు రాగానే ఆ ముక్క దానంతటదే నోట్లోంచి జారింది. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే.

మూడో నెలలో నలభై ఒకటో బొమ్మ వచ్చింది. కింద రాసిన వివరం చెమ్మకు కుళ్లి రాలిపోయింది. బొమ్మ మాత్రం నిక్షేపంగా ఉంది. చూరు నుంచి వేలాడుతున్న పొడవాటి విల్లు, దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్న గుడ్డుముఖం మనిషి, కుడి చేతిలో పొట్టి కొయ్య, కాళ్ల దగ్గర సన్న సన్న గీతలతో తెల్లగా, పలచగా లేస్తున్న మేఘం లాంటిది. చూడగానే నాకు తుమ్మొచ్చింది. నిజంగానే తుమ్మాను. ఆ మేఘాన్ని పన్నెండేళ్లు పీల్చిన ముక్కు నాది. పత్తి కాకపోతే ఉన్ని, పరుపు కాకపోతే ఆ పెట్టెల్లోనే ముందు చూసిన ఉన్ని టోపీ, అంతే తేడా.

ప్రొఫెసరమ్మ బొమ్మను దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. "ఇది వాద్యం" అంది. "తంతి చూడు, కొట్టే కర్ర చూడు. ఈ పొగ చూడు. ఏదో పూజ జరుగుతోంది. కాపరుల మంత్రగాడు వాయిస్తున్నాడు."

నేను నోరు తెరిచాను. తెరిచిన నోటితో "అవును, పొగలాగే ఉంది" అన్నాను.

ఎక్కడో పుస్తకంలో చదివానని చెప్పి తప్పించుకోవచ్చు కదా అంటారు మీరు. చదివిందయితే ఆ క్షణమే చెప్పేవాణ్ని. ఇది చదివింది కాదు. ఎలా తెలుసని ఆవిడ ఒక్క మాట అడిగితే, సైకిలూ, వసారా, తెల్ల మీసాలూ అన్నీ వరసగా బయటికొస్తాయి. పైగా నా ఒప్పందం ఏడాదిది. పొడిగించాలా వద్దా అన్నది ఆవిడ చేతిలో ఉంది. ఆవిడకు ఆ బొమ్మ తెగ ముద్దొచ్చేసింది. రేపు చెబుదామనుకున్నాను. మొదటి వారం భయంతో ఊరుకున్నాను. రెండో వారానికి ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదని అడుగుతుందని ఊరుకున్నాను. ఆ తర్వాత ఊరుకోవడం అలవాటైపోయింది.

ఆవిడ మాత్రం ఊరుకోలేదు. మంత్రగాడి వాద్యం మీద వ్యాసం రాసి ఒక పత్రికకు పంపింది. బొమ్మల ప్రదర్శన పెడదామంది. నలభై ఒకటో బొమ్మ చూసి అచ్చంగా అలాంటి విల్లు చేయించింది. దాన్ని వాయించడానికి ఒక సంగీతకారుణ్ని కుదిర్చింది. అతను నల్ల బట్టలు తప్ప వేసుకోని మనిషి. నెల రోజులు సాధన చేశాడు. కర్రతో కొడితే పూజలా లేదని ఫిడేలు కమానుతో ఆ తంతిని రుద్దుతుంటే, ఆకలేసిన దూడ గుమ్మం దగ్గర ఏడ్చినట్టుండేది. "ఎంత ప్రాచీనంగా ఉందో" అనేది ప్రొఫెసరమ్మ. నేను తల ఊపేవాణ్ని. ఆ రోజుల్లో నా మెడ పడినంత కష్టం నా బుర్ర పడలేదు.

సరిగ్గా అప్పుడే మా నాయన వస్తానన్నాడు. "నువ్వు ఆడ ఏం పని చేస్తాండావో ఒకసారి చూసి పోతా అబ్బీ" అని. ఇద్దరూ రండి అన్నాను. మా అమ్మ రానంది. "గాల్లో తేలేదానికి నేనేమన్నా దూదినా?" అంది. వీసా ఫారంలో మా నాయన వృత్తి అన్నచోట నా వేళ్లు పాత అలవాటు కొద్దీ టెక్స్‌టైల్ బిజినెస్ అని కొట్టేశాయి. కొట్టాక భయం పట్టుకుంది. ఎయిర్‌పోర్టులో అడిగితే ఈయన ఇంకోటి చెబితే? రోజూ ఫోన్‌లో పాఠం పెట్టాను.

"నాయనా, నువ్వేం చేస్తావని అడిగితే ఏమంటావు?"

"టెక్స్ టైలు బిజినెస్."

"కలిపి చెప్పు."

"టెక్స్‌టైల్ బిజినెస్. ఒరే, ఇది నేను చేసే పనేనా?"

"అదే నాయనా. ఇంగ్లీషులో అట్ల అంటారు."

"అవునా. బాగుంది పేరు" అన్నాడు మా నాయన.

తీరా వస్తే ఎయిర్‌పోర్టులో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. యంత్రంలో వేలు పెట్టమన్నారు, ముఖం చూపించమన్నారు, గేటు తెరుచుకుంది. బయటికి రాగానే మా నాయన మొదటి మాట, "ఎవురూ అడగలేదేమిరా?" పరీక్షకు అంత చదివి, పేపరు లీకై రద్దయినవాడి ముఖం పెట్టాడు. నేర్చుకున్నది వృథా పోకూడదని మా ఓనరు ఆంటీకి చెప్పాడు. లిఫ్టులో చైనా ముసలాయనకు చెప్పాడు. ఆయన మర్యాదగా "ఓ, గుడ్, గుడ్" అన్నాడు.

వారం రోజులు ఆయనతో నాకు సరదాగానే గడిచింది. కింద తిండి అంగళ్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు కనిపిస్తే, పాపం ఎవరో మరిచిపోయారని అది పట్టుకుని నాలుగు బల్లలు తిరిగి అడిగాడు. అది సీటు ఆపుకోవడానికి పెట్టారని, ఇక్కడ దాన్ని చోప్ చేయడం అంటారని నేను చెప్పేసరికి ఆ సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. ప్యాకెట్టు పెట్టినామె పళ్లెం పట్టుకుని వచ్చి మా ఇద్దర్నీ చూసిన చూపు నేను మరిచిపోను. నా గదిలోని ఫోమ్ పరుపు చూసి మాత్రం ఆయన నిజంగా బాధపడ్డాడు. నొక్కి చూశాడు, వాసన చూశాడు. "దీంట్లో ఏముంది?" అన్నాడు. స్పాంజి అన్నాను. "మన పొలం గట్టున పండుకున్నా ఇంతకన్నా నిద్ర పడతాదిరా. నేనుండి గూడా నువ్వు దీని మీద పండుకుంటాండావా?" అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ మా ఆంటీ తలుపు దగ్గర నిలబడి విని, మాట చివర ఈ ఊరి 'లా' తగిలిస్తూ, "అయ్యో, ముందు కాలంలో ఇక్కడ గూడా అంతా దూది మెత్తలే లా. ఇప్పుడెవరు చేసేది?" అంది. మా నాయన ఆవిడ వంక చూసి ఏదో చెప్పబోయి, నా వంక చూసి ఆగిపోయాడు. అప్పుడే నాకు సిగ్గేసి ఉండాల్సింది. వేయలేదు. బయటపడనందుకు ఊపిరి పీల్చుకున్నాను.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు ఇంకో తమాషా జరిగింది. వాద్యం కింద పొగ రావాలని ప్రొఫెసరమ్మ ఒక పొగ యంత్రం అడిగింది. అగ్ని ప్రమాదాలు చూసే ఆఫీసువాళ్లు కుదరదన్నారు. ఆవిడ పెన్సిలు కొరుకుతూ ఆలోచించి, "పొగలా కనిపించేది ఏదైనా పరిస్తే? దూది పరిస్తే?" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. దూది కొనే పని సహజంగానే నా మీద పడింది.

ఆదివారం మా నాయనను తీసుకుని, మనవాళ్ల అంగళ్లుండే లిటిల్ ఇండియా వెళ్లాను. ఆ జనంలో భుజం భుజం రాసుకుంటూ నడుస్తుంటే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. నాలుగు మందుల షాపులు తిరిగి ఉన్న దూది చుట్టలన్నీ కొన్నాను. ట్రైన్‌లో సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక, మా నాయన ఒక చుట్ట కాగితం చింపి, ఇంత దూది పీకి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"తెల్లగుంది గానీ ఊపిరి లేదు. బిగించి చుట్టి చంపేసినారు. ఇంత దూది నీకెందుకురా?"

"ఆఫీసులో అలంకారానికి నాయనా."

"అలంకారానికా? ఏకితే మూడు పరుపులైతాయి" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ ట్రైన్ భూమి కింద పోతుంది. బయట చూడటానికి ఏమీ లేదు.

మా నాయనను ప్రదర్శనకు తీసుకెళ్లకూడదనే అనుకున్నాను. కాని ఆయన వచ్చిందే నా పని చూడటానికి. మెత్త కింద పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఆ సాయంత్రం నాలుగింటికే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏం సాకు చెప్పాలో తోచలేదు. వెనక వరసలో కూర్చోబెడదాం, వాయింపు మొదలు కాకముందే కాఫీకని బయటికి తీసుకుపోదాం అనుకున్నాను. నా పథకాలన్నీ ఇలాంటివే.

లోపలికి వెళ్లగానే మొదట బొమ్మలు చూపించాను. దువ్వెనలు చేసేవాడి దగ్గర ఆగాడు. తాడు పేనేవాళ్ల దగ్గర ఆగి, "ఈడు సరిగ్గా పేనలేదు, గీసినోనికి తెలీదు" అన్నాడు. గుడ్డుముఖాలు చూసి, "వీళ్లకు కండ్లు ముక్కు లేవేమి?" అని అడిగాడు. గీయలేదు నాయనా అన్నాను. "చేతులు మాత్రం బాగా గీసినారు. పని చేసిన చేతులే ఇవి" అన్నాడు. అలా అడుగులో అడుగు వేస్తూ వెళ్లి, మూల తిరగగానే నిలబడిపోయాడు.

ఎదురుగా పైకప్పు నుంచి విల్లు వేలాడుతోంది. కింద మేమిద్దరం మోసుకొచ్చిన దూది గుండ్రంగా పరిచి ఉంది. పక్కన గోడ మీద నలభై ఒకటో బొమ్మ, దాని పక్కన అట్ట మీద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో మంత్రగాడి వాద్యం అని రాసి ఉంది. మా నాయన ఇంగ్లీషు చదవలేడు. బొమ్మ చదవగలడు. ఆయన ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది. "ఒరే అబ్బీ" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

అంతలో దీపాలు తగ్గించారు. నల్లబట్టల సంగీతకారుడు వచ్చి, కళ్లు మూసుకుని, కమానుతో రుద్దడం మొదలుపెట్టాడు. దూడ ఏడ్చింది. ఇరవై నిమిషాలు ఏడ్చింది. నా చెయ్యి పట్టుకున్న మా నాయన చెయ్యి కొంచెం కొంచెంగా వదులవడం నాకు తెలుస్తూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు, అందరికన్నా ఒక చప్పట ఆలస్యంగా.

ప్రొఫెసరమ్మ నేరుగా మా దగ్గరికే వచ్చింది. మా నాయనకు చెయ్యి ఇచ్చి, మీరేం చేస్తారని ఇంగ్లీషులో అడిగింది. ఆ ఒక్క ప్రశ్న ఆయనకు బాగా తెలుసు.

"టెక్స్‌టైల్ బిజినెస్, మేడం" అన్నాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆవిడ సంతోషించింది. మీ అబ్బాయి చెప్పాడంది. మీ పక్క ఇలాంటి వాద్యం ఏదైనా ఉందా అడగమని నాతో చెప్పింది. నేను తెలుగులో అడిగాను. మా నాయన విల్లు వంక చూశాడు, గోడ మీది అట్ట వంక చూశాడు, నా వంక చూశాడు. నలభై ఇళ్లు కాదు, నాలుగు వందల ఇళ్ల వసారాల్లో, ఏ పరుపులో ఏం దాగుందో ముట్టుకుని చెప్పిన మనిషి. నా ముఖం ఆయనకో లెక్కా?

"లేదని చెప్పు" అన్నాడు మెల్లగా. "మా పక్క ఇట్లాంటిది యాడా లేదని చెప్పు. మేము చూడనే లేదని చెప్పు. నీ ఉద్యోగానికి అడ్డం వస్తాది."

నాకు ఏడుపొచ్చింది. ఇంతవరకు చెప్పిన వేళాకోళమంతా పక్కన పెట్టి చెబుతున్నాను, అంత సిగ్గు నేను జన్మలో ఎప్పుడూ పడలేదు. అబద్ధం నేను ఆడితే సరే, నా బతుకు. తన చేతికి కాయలు కాయించిన పనిముట్టు ముందు నిలబెట్టి, దాన్నెప్పుడూ చూడలేదని మా నాయన చేత అనిపించాను.

"మా నాన్న లేదంటున్నారు" అన్నాను ప్రొఫెసరమ్మతో. "ఆయన చెప్పేది అబద్ధం. నేనే నేర్పాను. ఇది వాద్యం కాదు. దూది ఏకే విల్లు. మీ బొమ్మలో ఉన్నతను టోపీల కోసం ఉన్ని ఏకుతున్నాడు. కింద ఉన్నది పొగ కాదు. ఆయనకు వ్యాపారమేమీ లేదు. ఇదే ఆయన పని. నేను తిన్నదీ చదివిందీ దీంతోనే."

ఆవిడ కొప్పులోంచి పెన్సిలు తీసింది, మళ్లీ పెట్టుకుంది. "ఎనిమిది నెలలు" అంది. "ఎనిమిది నెలలు నా చేత పొగ అనిపించావు." ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది. ఆవిడ ఎంతైనా పని తెలిసిన మనిషి. నా కోసం అక్కడ ఇంకో నిమిషం వృథా చేయలేదు. మా నాయన వైపు తిరిగి, రెండు చేతులతో విల్లును చూపించి, చేసి చూపిస్తారా అన్నట్టు తల ఊపింది.

మా నాయన నా వంక చూశాడు. "చెప్పేసినావా?" అన్నాడు. చెప్పేశాను నాయనా అన్నాను. చెప్పులు విడిచి, చొక్కా చేతులు పైకి మడిచి, దూది మధ్యలోకి వెళ్లాడు. తంతిని వేలితో మీటి ముఖం చిట్లించాడు. వదులుగా ఉందట. రెండు నిమిషాలు బిగించాడు. కొట్టడానికి కొయ్య లేదు. అటూ ఇటూ చూసి నా సంచిలోని స్టీలు నీళ్ల సీసా అడిగాడు. నేలకు దగ్గరగా విల్లు వంచి, ఒక్కటి వేశాడు.

టంయ్.

నల్లబట్టల సంగీతకారుడు అదిరిపడ్డాడు. రెండోది, మూడోది, ఆ తర్వాత లెక్క లేదు. చుట్టలు చుట్టి చంపేసిన దూది లేచి కూర్చుంది. ముందు మోకాలి ఎత్తు, తర్వాత నడుం ఎత్తు. గాల్లో తేలి జనం మీద పడింది, అతిథులకని పెట్టిన సమోసాల మీద పడింది, ప్రొఫెసరమ్మ నల్ల గౌను మీద పడింది. ఆవిడ దులుపుకోలేదు. గోడ మీద నలభై ఒకటో బొమ్మ, దాని కింద మా నాయన. సన్న గీతలతో గీసిన ఆ మేఘం అచ్చంగా అదే. చిత్రకారుడు మాత్రం బాగా చూసి గీశాడు, పాపం. చూడనిదల్లా తర్వాత వచ్చిన మేమే. మా నాయన తల ఎత్తేసరికి మీసాలూ కనుబొమ్మలూ తెల్లబడి ఉన్నాయి. అందులో నిజంగా నెరిసినవి ఏవో దూది ఏదో నేను చెప్పలేకపోయాను.

ఆ మరుసటి రోజు ప్రొఫెసరమ్మ పత్రికకు ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకుంది. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి ఏకింది. అంత శుభ్రంగా నన్నెవరూ ఏకలేదు. చివర్లో మాత్రం, ఒప్పందం ఇంకో ఏడాది పొడిగిస్తున్నానంది. అది మంచితనమో, ఇంకో ఏడాది ఏకడానికో ఇప్పటికీ తెలియదు. నలభై ఒకటో బొమ్మ ఫారం మొత్తం మళ్లీ నింపమంది.

సాయంత్రం గదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. మా నాయన పక్కన కూర్చుని ప్రదర్శన నుంచి తెచ్చిన దూదితో నాకు దిండు కుడుతున్నాడు. వస్తువు: దూది, ఉన్ని ఏకే విల్లు. గుర్తుపట్టినవారు: మా నాయన పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాతి గడి దగ్గర ఆగాను.

"నాయనా, ఈడ నీ పని ఏందని రాయాలంట. ఏమని రాయమంటావు?"

ఆయన సూది ఆపలేదు. "టెక్స్‌టైల్ బిజినెస్ అనే రాయి. గవర్మెంటోళ్ల కాయితంలో ఒకటి రాసి ఈడ ఇంకోటి రాస్తే, రేపు నీకు ఇబ్బంది అయితాది."

నేను ఇంగ్లీషులో కొట్టి, తెలుగులో చదివి వినిపించాను. "దూది ఏకే పనివారు, నలభై రెండేళ్లు."

మా నాయన సూది ఆపాడు. కళ్లజోడు తీసి, తను చదవలేని ఆ తెర వంక చూశాడు.

"నలభై రెండు కాదురా, నలభై నాలుగు" అన్నాడు. "మీ తాత కింద రెండేళ్లు చేసినా. అది గూడా రాయి."